జేబుకు తగిన రక్షణ: నయా రాయపూర్ ఎండలో టూవీలర్ గేర్ ఎంపిక

"ఐదు వేలలో ఏం వస్తుంది?" కొత్తగా బండి కొన్నవాళ్లు గేర్ గురించి అడిగే మొదటి ప్రశ్న ఇదే. బండికి లక్ష, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్, సీటు కవరు, క్రాష్ గార్డు అన్నీ అయ్యాక చేతిలో మిగిలిన డబ్బుతో ఒంటికి రక్షణ కొనాలి. బండికి గీత పడకుండా క్రాష్ గార్డు వేయించడానికి ఎవరూ రెండోసారి ఆలోచించరు. మోకాలికి ప్యాడ్ అంటే మాత్రం "ఇప్పుడు అవసరమా" అంటారు. ఆ వాదనను పక్కన పెడితే, నిజంగా కొందామనుకున్నవాడికీ దారి తేలిగ్గా దొరకదు. ఆన్‌లైన్‌లో ఆరు వందలకూ జాకెట్ ఉంది, అరవై వేలకూ ఉంది. రెండింటి మీదా అదే నలుపు రంగు, అవే ప్యాడ్లు, అవే ఫొటోలు. ఏది పనికొస్తుందో, ఏది వేషమో చెప్పే కొలమానాలు లేకపోలేదు. అవి దుకాణంలో ఎవరూ చెప్పరు, అంతే.

ఈ ప్రశ్నను నయా రాయపూర్ నుంచి చూడటానికి కారణం ఉంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబరు 1న ఏర్పడింది. పాత రాయపూర్‌కు ఇరవై కిలోమీటర్ల దూరంలో కొత్త రాజధాని కట్టుకుని 2012లో సచివాలయాన్ని అక్కడికి మార్చారు. 2018లో దానికి అటల్ నగర్ అని పేరు పెట్టారు. జనం నోట మాత్రం ఇంకా నయా రాయపూరే. ఆరు వరసల రోడ్లు, మధ్యలో చెట్లు, దూరదూరంగా భవనాలు. మహానది భవన్, ఇంద్రావతి భవన్, పర్సదా క్రికెట్ స్టేడియం, ట్రిపుల్ ఐటీ, లా యూనివర్సిటీ అన్నీ ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. అక్కడ పనిచేసేవాళ్లలో, చదువుకునేవాళ్లలో చాలామంది ఉండేది పాత ఊళ్లో. బస్సు ఉంది గానీ, బస్సు దిగాక మిగిలే రెండు మూడు కిలోమీటర్లకు నీడ ఉండదు. అందుకే పాత ఊళ్లోని తేలీబాంధా దాటగానే వీఐపీ రోడ్డు మీద టూవీలర్ల వరస కనిపిస్తుంది.

ఆ వరసలో మనవాళ్లూ తక్కువేం లేరు. 1931లో రాయపూర్-విజయనగరం రైలు మార్గం పూర్తయిన దగ్గర నుంచి పార్వతీపురం, బొబ్బిలి వైపు కుటుంబాలు రైల్వే ఉద్యోగాల మీద రాయపూర్ చేరాయి. తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారం మరికొందరిని రప్పించింది. ఇప్పటి తరం పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ బండి మీద నయా రాయపూర్ ఆఫీసులకు పోతున్నారు. పండక్కి బండి మీదే ధమ్‌తరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాటీ, జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా సాలూరు దిగే కుర్రాళ్లూ ఉన్నారు. రోజూ తిరిగే ఆఫీసు దారికి, ఏడాదికోసారి వెళ్లే ఘాట్ రోడ్డుకు ఒకే గేర్ సరిపోవాలి. అదీ పదివేల లోపు.

ఇక్కడి రోడ్డు గుణం చెప్పకుండా గేర్ మాట చెప్పడం కుదరదు. రోడ్డు వెడల్పుగా, ఖాళీగా ఉంటే చేయి దానంతటదే యాక్సిలరేటర్ తిప్పుతుంది. గతుకుల ఊరి రోడ్డు మీద నలభైలో పోయేవాడే ఇక్కడ తెలియకుండా ఎనభై దాటతాడు. వానాకాలంలో తడి నేల వదిలి ఆవులు రోడ్డెక్కి పడుకుంటాయి. చీకట్లో నల్ల రోడ్డు మీద పడుకున్న పశువు హెడ్‌లైటు వెలుగులోకి వచ్చేసరికి బ్రేకు వేసే దూరం ఉండదు. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఈ పశువుల సంగతి విచారణకు తీసుకోవాల్సి వచ్చిందంటే సమస్య ఎంత పెద్దదో అర్థమవుతుంది. ఇక మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది. గేర్ ఎంపికలో ఇక్కడ అసలు పరీక్ష ఎండే. ఎంత మంచి జాకెట్ అయినా మే నెలలో బీరువాలో ఉంటే అది జాకెట్ కాదు.

"నాలుగు కిలోమీటర్లే కదా, మెల్లగానే పోతాను కదా" అన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. దీనికి జవాబు నలభై ఏళ్ల కిందటే వచ్చింది. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించింది. 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాదానికి ముందు బండ్ల మధ్యస్థ వేగం గంటకు 48 కిలోమీటర్లు. గుద్దుకునే క్షణానికి అది 35 కిలోమీటర్లకు తగ్గింది. ఎక్కువ ప్రమాదాలు చిన్న ప్రయాణాల్లో, బయల్దేరిన చోటికి దగ్గర్లో, బయల్దేరిన కాసేపటికే జరిగాయి. కూరగాయల సంచీ తగిలించుకుని పోయే దూరమే అది. గేర్ అంటే లడఖ్ వెళ్లేవాళ్లకు అనుకోవడం ఈ ఒక్క లెక్కతో కొట్టుకుపోవాలి.

మన దేశం లెక్క ఇంకా బాధాకరం. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో టూవీలర్ల మీద పోయినవాళ్లే 44.5 శాతం. హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50,029 మంది. వాళ్లలో బండి నడిపేవాళ్లు 35,692 మంది, వెనక కూర్చున్నవాళ్లు 14,337 మంది. ఆ చివరి అంకె దగ్గరికి మళ్లీ వస్తాను.

కాబట్టి డబ్బు ముందు హెల్మెట్‌కే పోవాలి. ఇందులో రెండో మాట లేదు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2008 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం హెల్మెట్ మరణ ముప్పును 42 శాతం, తల గాయాల ముప్పును 69 శాతం తగ్గిస్తుంది. వెయ్యి, రెండు వేలకు దొరికే ఇంకే వస్తువూ ఇంత చేయదు. ఈ జ్ఞానం వెనక ఒక చావు ఉంది. 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935 మేలో ఇంగ్లండ్‌లో మోటార్‌సైకిల్ మీద నుంచి పడి, తలకు దెబ్బ తగిలి, ఆరు రోజుల తర్వాత చనిపోయాడు. అతన్ని చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్ ఉన్నాడు. ఆ తర్వాత ఆయన మోటార్‌సైకిల్ సైనికుల తల గాయాలను వరసగా పరిశీలించి 1941లో వ్యాసం ప్రచురించాడు. అదే ఏడాది నవంబరులో బ్రిటిష్ సైన్యం తన మోటార్‌సైకిల్ సైనికులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. మామూలు జనానికి ఆ దేశంలో చట్టం రావడానికి 1973 దాకా పట్టింది. మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ఆ పని చేసింది. 2019 సవరణతో వచ్చిన 194డి సెక్షన్ ప్రకారం హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. 129వ సెక్షన్‌లోనే ఇంకో సంగతి ఉంది. హెల్మెట్ అంటే తలకు పట్టీలతో గట్టిగా బిగించి ఉండాలి. పట్టీ వేలాడుతుంటే చట్టం దృష్టిలో కూడా హెల్మెట్ పెట్టుకోనట్టే.

హెల్మెట్ పనిచేసేది పైన కనిపించే గట్టి డొప్పతో అనుకుంటాం. అసలు పని లోపలున్న తెల్లటి ఫోమ్‌ది. టీవీ అట్టపెట్టెలో వచ్చే థర్మోకోల్ జాతే అది, కానీ దెబ్బను మింగడానికి తగిన సాంద్రతతో చేసింది. తల నేలకు తగిలిన క్షణంలో ఆ ఫోమ్ నలిగి, ఆగే సమయాన్ని కొన్ని వేల వంతుల సెకన్లు పొడిగిస్తుంది. మెదడుకు దక్కే ఊరట అంతా ఆ కొన్ని వేల వంతుల్లోనే ఉంది. నలిగిన ఫోమ్ మళ్లీ ఉబ్బదు. కాబట్టి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ బయటికి ఎంత బాగున్నా పారేయాల్సిందే. సెకండ్‌హ్యాండ్ హెల్మెట్ కొనకూడదనేదీ ఇందుకే. అది ఎన్నిసార్లు కింద పడిందో అమ్మేవాడు చెప్పడు. పెట్రోలు, థిన్నర్, పెయింట్ తగిలినా ప్లాస్టిక్ డొప్ప లోలోపల బలహీనపడుతుంది. మరకలు సబ్బునీళ్లతో తుడిస్తే చాలు. అద్దానికి తగిలించి వదిలేసే అలవాటు వల్ల ఆ ఫోమ్ మీదే గుంట పడుతుంది, అదీ మానుకోవాలి.

రింగు రోడ్డు పక్కన తాడుకు కట్టి వేలాడదీసిన రెండు వందల హెల్మెట్‌ను చేతిలోకి తీసుకుని లోపలి గుడ్డ పైకెత్తి చూడండి. కొన్నింట్లో ఫోమ్ ఉండదు, పలచటి స్పాంజి ఉంటుంది. గోరుతో నొక్కితే డొప్ప తగులుతుంది. గడ్డం పట్టీ రెండు రివెట్లకు బదులు ఒక మేకుతో ఆగి ఉంటుంది. ఇది చలానా తప్పించుకోవడానికి పెట్టుకునే టోపీ. ఇలాంటివి ఆపాలనే కేంద్రం 2020 నవంబరులో ఉత్తర్వు ఇచ్చి, 2021 జూన్ 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్ల తయారీ, అమ్మకం నిషేధించింది. ఉత్తర్వు తర్వాత కూడా అవి వేలాడుతూనే ఉన్నాయి, ఎక్కువసార్లు ఐఎస్‌ఐ స్టిక్కరుతో సహా. అసలు గుర్తులో మూడు భాగాలుంటాయి. మధ్యలో ఐఎస్‌ఐ ముద్ర, దాని పైన ఐఎస్ 4151 అనే ప్రమాణం సంఖ్య, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు. ఫోన్‌లో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ నంబరు కొడితే తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నడుస్తోందో లేదో వచ్చేస్తుంది. దుకాణంలో నిలబడే చేయొచ్చు. ఈ పని అరనిమిషంది. మొత్తం గేర్ కొనుగోలులో అన్నిటికంటే విలువైన అరనిమిషం ఇదేనని నా నమ్మకం.

ఐఎస్‌ఐ ఉంటే చాలా? ప్రాథమిక భద్రతకు చాలు. అయితే ఐఎస్‌ఐ గుర్తు గడ్డం దగ్గర తెరిచి ఉండే హాఫ్ హెల్మెట్‌కూ వస్తుంది. జర్మనీలో డీట్మార్ ఓటే అనే పరిశోధకుడు ప్రమాదాల్లో హెల్మెట్ల మీద దెబ్బలు ఎక్కడ తగిలాయో గుర్తించి చూస్తే, మూడోవంతుకు పైగా గడ్డం, దవడ భాగంలోనే తేలాయి. సగం హెల్మెట్ ఆ మూడోవంతును వదిలేస్తుంది. కాబట్టి ఎంచుకోగలిగితే ఫుల్ ఫేసే. దాని మీద ఇంకొంచెం పెట్టగలిగితే ఐరోపా ప్రమాణమైన ఈసీఈ 22.06 కూడా ఉన్నది చూడొచ్చు. అందులో తల మెలితిరిగేలా తగిలే ఏటవాలు దెబ్బలకు కూడా పరీక్ష ఉంది. డాట్ అనే అమెరికా ముద్రకు మన బజారులో ఉన్న గౌరవం మాత్రం నాకు అర్థం కాదు. ఆ దేశంలో దాన్ని తయారీదారు తనకు తానే వేసుకుంటాడు, ముందుగా ప్రభుత్వం పరీక్షించి ఇవ్వదు. మన దగ్గర ఆ స్టిక్కరు విడిగా కూడా దొరుకుతుంది.

ధర సంగతికొస్తే, స్టడ్స్, స్టీల్‌బర్డ్, వేగా లాంటి దేశీ కంపెనీల ఐఎస్‌ఐ ఫుల్ ఫేస్ హెల్మెట్ పన్నెండు వందల నుంచి రెండు వేల మధ్య వస్తుంది. ఎస్ఎంకే, యాక్సర్ లాంటి పేర్లతో ఈసీఈ ముద్ర కూడా ఉన్నవి మూడు నుంచి ఆరు వేల వరకు ఉంటాయి. అంతకు మించి పెడితే వచ్చేది ఎక్కువగా తేలికదనం, తక్కువ చప్పుడు, మంచి గుడ్డ, రంగులు. బ్రిటన్ ప్రభుత్వం 2007 నుంచి షార్ప్ అనే పథకం కింద హెల్మెట్లను పగలగొట్టి నక్షత్రాలు ఇస్తోంది. అందులో చవక హెల్మెట్లు అయిదు నక్షత్రాలు తెచ్చుకున్న సందర్భాలున్నాయి, ఖరీదైనవి తక్కువకు ఆగిపోయినవీ ఉన్నాయి. ధర భద్రతకు కొలత కాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పలేం.

భద్రతకు కొలత ఏదంటే తలకు సరిపోవడం. నుదుటి మీదుగా, చెవుల పైనుంచి టేపు తిప్పి సెంటీమీటర్లు కొలుచుకుని వెళ్లాలి. పెట్టుకున్నాక బుగ్గలు కొంచెం నొక్కుకోవాలి. హెల్మెట్ పట్టుకుని పక్కకు తిప్పితే దాంతో పాటు చర్మం కదలాలి, హెల్మెట్ ఒక్కటే జారకూడదు. ఆ తర్వాత పట్టీ బిగించి, వెనక అంచు కింద వేళ్లు పెట్టి పైకి, ముందుకు గట్టిగా తోయాలి. ఊడి కళ్ల మీదికి వచ్చేస్తే ప్రమాదంలోనూ అలాగే వస్తుంది. అప్పుడు ఎంత పేరున్న బ్రాండైనా అక్కడే పెట్టేయాలి. పావుగంట తలకు ఉంచుకుంటే నుదుటి మీద ఒకే చోట నొప్పి వస్తుందో లేదో తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో రెండు వందలు తక్కువని ఈ పరీక్ష వదులుకోవడం నష్టం బేరం. జుట్టు ముడి వేసుకునే ఆడవాళ్లు ఆ ముడితోనే, క్లిప్పు తీసి పరీక్షించాలి. రాయపూర్‌లో ఎండకు అందరూ తలకు గమ్ఛా (తువ్వాలు) చుట్టుకుంటారు. హెల్మెట్ కింద ఆ మందపాటి చుట్టు వేస్తే సైజు మారిపోతుంది. వేసవికి పెద్ద సైజు కొనుక్కుని చలికాలంలో వదులుగా తిరిగేవాళ్లున్నారు. చెమటకు పలచటి కాటన్ స్కల్ క్యాప్‌లు రెండు కొనుక్కుని రోజు మార్చి రోజు ఉతుక్కోవడం దీనికి మంచి పరిష్కారం. లోపలి గుడ్డ ఊడదీసి ఉతికేలా ఉన్న హెల్మెట్టే ఈ ఊరికి తగినది.

రెండో ఖర్చు దేనికి? ఎక్కువమంది జాకెట్ అంటారు. నేను చేతులకు, పాదాలకు అంటాను. పడేటప్పుడు మనిషి చేసే మొదటి పని చెయ్యి చాపడం. అరచేతి చర్మం పోతే నెల రోజులు అన్నం కలుపుకోవడానికి కూడా ఇంకొకరి చేయి కావాలి. ఆస్ట్రేలియాలో లిజ్ డి రోమ్ బృందం ప్రమాదాలకు గురైన 212 మంది రైడర్లను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రచురించింది. జాకెట్, ప్యాంటు, గ్లవ్స్ వేసుకున్నవాళ్లు ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం తక్కువగా పడింది. వీటిలో గ్లవ్స్ చూపిన తేడా అన్నిటికంటే పెద్దది. పాదాలకు రైడింగ్ బూట్లే కాదు, మామూలు బూట్లు కూడా షూలకంటే మెరుగైన రక్షణ ఇచ్చాయి. పేదవాడి బడ్జెట్‌కు ఇంతకంటే మంచి కబురు లేదు. ఫ్యాక్టరీ పనివాళ్లు వేసుకునే, చీలమండ దాటి పైకి వచ్చే సేఫ్టీ బూట్లు ఏడెనిమిది వందల నుంచి దొరుకుతాయి. రైడింగ్ బూటుకు అవి సమానం కావు, చెప్పులకంటే మాత్రం ఎన్నో రెట్లు మేలు. లేసు గేర్ లివర్‌లో చిక్కుకోకుండా లోపలికి దోపుకోవాలి.

అదే అధ్యయనంలో ఒక హెచ్చరిక కూడా ఉంది. పరిశీలించిన గ్లవ్స్‌లో పావు వంతు, జాకెట్లలో దాదాపు 30 శాతం ప్రమాదంలో చిరిగో, కుట్లు ఊడో విఫలమయ్యాయి. అవి రైడింగ్ కోసమే అమ్మినవి. కాబట్టి గ్లవ్స్ కొనేటప్పుడు లోపలి లేబుల్ మీద ఈఎన్ 13594 ఉందా చూడాలి. దాని పక్కన 1 లేదా 2 అని స్థాయి ఉంటుంది. అరచేయి మడమ దగ్గర రెండో పొర తోలు, మణికట్టుకు బిగించే పట్టీ తప్పనిసరి. గ్లవ్ వేసుకుని, పట్టీ బిగించి, వేళ్ల చివర పట్టుకుని లాగితే ఊడి రాకూడదు. ఇవన్నీ ఉన్నవి పదిహేను వందల నుంచి రెండున్నర వేల మధ్య దొరుకుతాయి. వేసవికి మెష్ ఉన్నవే తీసుకోవాలి. చెమటకు తీసేసే గ్లవ్స్ వల్ల లాభం లేదు.

ఇప్పుడు జాకెట్. గేర్ బజారులో మాయ ఎక్కువగా ఉన్నది ఇక్కడే. జాకెట్ రెండు పనులు చేయాలి. రోడ్డు మీద ఈడ్చుకుపోతున్నప్పుడు చిరగకుండా ఉండాలి, మోచేయి, భుజం నేలకు కొట్టుకున్నప్పుడు దెబ్బ మింగాలి. మొదటి పనికి ఐరోపా ప్రమాణం ఈఎన్ 17092. అందులో ట్రిపుల్ ఏ అన్నిటికంటే గట్టిది, డబుల్ ఏ మధ్యస్థం, సింగిల్ ఏ పట్టణ వాడకానికి. రెండో పనికి ప్యాడ్ల మీద ఈఎన్ 1621 అని ముద్ర ఉంటుంది. భుజం, మోచేయి, మోకాలికి 1621-1, వీపుకు 1621-2. మోకాలి ప్యాడ్ మీద పరీక్ష దెబ్బ వేసినప్పుడు మొదటి స్థాయి ప్యాడ్ సగటున 35 కిలోన్యూటన్లకు మించి, రెండో స్థాయి ప్యాడ్ 20కి మించి అవతలికి పంపకూడదు. అంటే ఒకే సైజు, ఒకే రంగు ఉన్న రెండు ప్యాడ్ల మధ్య దాదాపు సగం తేడా. ఆ తేడా చెప్పేది ప్యాడ్ వెనక వేసిన చిన్న 1 లేదా 2 అంకె మాత్రమే. జిప్పు తీసి, ప్యాడ్ బయటికి లాగి, ఆ అంకె చూడకుండా డబ్బు ఇవ్వకండి. చాలా జాకెట్లలో వీపు దగ్గర ఉండేది ప్యాడ్ కాదు, ఆకారం కోసం పెట్టిన స్పాంజి ముక్క. దాని మీద ఏ ముద్రా ఉండదు. "సీఈ ఆర్మర్ ఉంది సార్" అన్న మాటకు అర్థం ఐరోపా ముద్ర ఉన్న ప్యాడ్లు భుజాలకు, మోచేతులకు ఉన్నాయని. వీపుకు విడిగా కొనుక్కోవాలి.

మరి 45 డిగ్రీల ఎండలో జాకెట్ ఎలా? ఇక్కడ కాస్త శరీర ధర్మం తెలియాలి. ఒంటి చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకంటే వేడిగా ఉన్నప్పుడు ఒంటికి తగిలే గాలి చల్లబరచదు, వేడెక్కిస్తుంది. చల్లబరిచేది చెమట ఆవిరి కావడం ఒక్కటే. టీషర్టు మీద పోయేవాడికి హాయిగా అనిపిస్తున్నా ఒంట్లో నీరు గబగబా పోతూ ఉంటుంది. రాయపూర్ మే నెల ఎండ పొడి ఎండ. కాటన్ బనియన్ తడిపి పిండి, దాని మీద మెష్ జాకెట్ వేసుకుంటే ఆ తడి ఆరేదాకా నిజంగా చల్లగా ఉంటుంది. ఇరవై కిలోమీటర్ల ఆఫీసు దారికి అది సరిపోతుంది. విశాఖపట్నంలో ఇదే చేస్తే ఉక్కపోతలో తడి ఆరదు, చిరాకే మిగులుతుంది. ఒకే జాకెట్ రెండు ఊళ్లలో ఒకేలా పనిచేయకపోవడానికి కారణం గాలిలో తేమ. కాబట్టి నయా రాయపూర్‌కు నా సిఫార్సు మెష్ జాకెటే, మందపాటి తోలు కాదు. మెష్ రాపిడికి కొంత తక్కువే. అయినా ఏడాది పొడవునా ఒంటి మీద ఉండే సింగిల్ ఏ జాకెట్, నాలుగు నెలలే వేసుకునే ట్రిపుల్ ఏ జాకెట్ కంటే ఎక్కువ కాపాడుతుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి నడిపే మోటోక్యాప్ అనే పరీక్షా పథకం 2018 నుంచి గేర్‌కు రక్షణ మార్కులతో పాటు గాలి ఆడటానికి కూడా విడిగా మార్కులు ఇస్తోంది. వేడి దేశాల అవసరం తెలిసినవాళ్లు చేసే పని అది. మన దగ్గర అలాంటి పథకం ఏదీ లేదు. రైడింగ్ జాకెట్‌కు, గ్లవ్స్‌కు హెల్మెట్‌లా తప్పనిసరి ఐఎస్‌ఐ ప్రమాణం కూడా లేదు. కొనేవాడు ఐరోపా లేబుల్ మీద ఆధారపడాల్సి రావడం పెద్ద లోటు.

రైనాక్స్, రైడా, సోలేస్, వయాటెర్రా లాంటి మన దేశపు కంపెనీలు ఈ పదిహేనేళ్లలో చేసిన మేలు గుర్తుచేసుకోవాలి. ఒకప్పుడు బయటి దేశాల నుంచి తెప్పించుకుంటే తప్ప దొరకని సీఈ ప్యాడ్లున్న మెష్ జాకెట్ ఇప్పుడు అయిదారు వేలలో వస్తోంది. అది కూడా భారమైతే జాకెట్ వాయిదా వేసి, విడి మోకాలి, మోచేతి గార్డులు వెయ్యి, రెండు వేలలో కొనుక్కోవడం తెలివైన పని. మోకాలి చిప్ప విరిగితే పోయేది ఆసుపత్రి బిల్లు ఒక్కటే కాదు, రెండు మూడు నెలల జీతం. జీన్స్ ప్యాంటు రక్షణ ఇస్తుందన్న నమ్మకం మాత్రం వదులుకోవాలి. మామూలు డెనిమ్ రోడ్డు రాపిడికి ఒక సెకను కూడా నిలవదు. ఎయిర్‌బ్యాగ్ జాకెట్లు మంచివే, కానీ పదివేల బడ్జెట్ చర్చలో వాటికి చోటు లేదు.

అన్నిటికంటే చవకైన రక్షణ కనిపించడం. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో జరిగిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. వెలుగును తిప్పికొట్టే, మెరిసే రంగు బట్టలు వేసుకున్నవాళ్లలో ప్రమాద ముప్పు 37 శాతం తక్కువ. నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్ ఉన్నవాళ్లకు 24 శాతం తక్కువ. తెల్ల రంగుకు అదనపు ధర లేదు, ఎండలో వేడీ తక్కువ. అయినా దుకాణంలో పదిమందిలో ఎనిమిదిమంది మ్యాట్ బ్లాక్ అడుగుతారు. రెండు వందల రూపాయల రిఫ్లెక్టివ్ వెస్ట్ రెయిన్‌కోటు మీద వేసుకుంటే నయా రాయపూర్ వీధి దీపాల మధ్య చీకట్లో వెనక వచ్చే కారుకు దూరం నుంచే కనిపిస్తాం. రాత్రిపూట నల్ల వైజర్ వేసుకుని తిరగడం మాత్రం కళ్లు మూసుకుని నడపడమే.

వెనక కూర్చున్నవాళ్ల సంగతి. పైన చెప్పిన 14,337 మంది వాళ్లే. భార్యలు, తల్లులు, స్కూలు పిల్లలు, లిఫ్టు అడిగిన స్నేహితులు. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలని చట్టం చెబుతోంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు నడిపేవాళ్లతో కలిపి కట్టే హార్నెస్, పిల్లల హెల్మెట్, 40 కిలోమీటర్ల వేగ పరిమితి 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్నాయి. పిల్లలకు పెద్దవాళ్ల హెల్మెట్ పెట్టడం రక్షణ కాదు, ఆ బరువు లేత మెడకు ఇంకో ప్రమాదం. చీరకట్టుతో ఒక పక్కకు కూర్చునేవాళ్లకు బండితో వచ్చే చీర గార్డు, చేతిపట్టు, ఫుట్‌రెస్ట్ కూడా గేరే. నిబంధనల ప్రకారం కంపెనీ అవి ఇచ్చి తీరాలి. అందం చెడుతోందని చీర గార్డు విప్పించేవాళ్లు, ఇంట్లో చీర, చున్నీ కట్టేవాళ్లు ఉన్నంతకాలం ఆ పని చేయకూడదు.

ఇన్ని చెప్పాక ఐదు వేల ప్రశ్నకు జవాబు. రెండు ఐఎస్‌ఐ ఫుల్ ఫేస్ హెల్మెట్లు, ఒకటైనా తెల్లది, మూడు వేలలోపు. మిగిలిన రెండు వేలలో గ్లవ్స్, రిఫ్లెక్టివ్ వెస్ట్. బూట్లు ఇంట్లో ఉన్నవాటితో మొదలుపెట్టొచ్చు. పదివేలైతే సేఫ్టీ బూట్లు, వాటితో పాటు మోకాలి గార్డులు గానీ, ఒకటో స్థాయి ప్యాడ్లున్న మెష్ జాకెట్ గానీ రావొచ్చు. వీపు ప్యాడ్, ఈసీఈ హెల్మెట్ ఆ తర్వాతి బోనస్‌కు. సంక్రాంతికి కేశ్‌కాల్ ఘాటీ మీదుగా ఊరికి పోయేవాళ్లు మాత్రం ఆ పది పూర్తికాకుండా బయల్దేరవద్దు. టైర్లు అరిగి ఉంటే ఈ డబ్బులోంచే ముందు టైర్లు మార్చుకోవాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సిందీ ఉంది. ప్రాణం కాపాడే హెల్మెట్ మీద 18 శాతం జీఎస్టీ వసూలు చేస్తూ, హెల్మెట్ లేదని జరిమానా వేయడం సబబు కాదు. జాకెట్లకు, గ్లవ్స్‌కు మన ఎండకు తగిన భారతీయ ప్రమాణం రావాలి. నకిలీ ముద్రలు వేసేవాళ్ల మీద బీఐఎస్ చట్టంలో జైలు శిక్ష దాకా ఉంది. రోడ్డు పక్క అమ్మేవాడి కంటే అవి తయారుచేసేవాడి మీద అది ప్రయోగించాలి.

కొత్త బండి కొంటున్న పాఠకులకు ఒక మాట. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 138వ నిబంధన ప్రకారం టూవీలర్ అమ్మేటప్పుడు బీఐఎస్ ప్రమాణానికి తగిన హెల్మెట్ ఇవ్వడం తయారీదారు బాధ్యత. షోరూములో తాళాలు తీసుకునే ముందు దాన్ని అడిగి తీసుకోండి, సీఎం/ఎల్ నంబరు చూసుకోండి. మీ సొంత హెల్మెట్‌కు దాచుకున్న డబ్బుతో, జాకెట్ సంగతి ఎత్తకముందే, వెనక సీటులో కూర్చునే మనిషిని దుకాణానికి వెంట తీసుకెళ్లి, వాళ్ల తలకు సరిపోయిన హెల్మెట్ కొనండి.